పిల్లల రక్తలేమి – కడుపులోని సూక్ష్మక్రిమి
తల్లిదండ్రులు, ఉస్తాదులు తెలుసుకోవలసిన విషయాలు

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. అమానత్‌ను కాపాడటమంటే బిడ్డకు కలిమా నేర్పడం, నమాజు నేర్పడం, మంచి నడవడి నేర్పడం మాత్రమే కాదు. ఆ కలిమాను పలికే నాలుకకు, సజ్దా చేసే శరీరానికి, ఆయతులను కంఠస్థం చేసే మెదడుకు తగిన బలం చేకూర్చడం కూడా అందులో భాగమే. దేహానికి మనపై హక్కు ఉందని మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. పెద్దవారి దేహానికే హక్కు ఉన్నప్పుడు, తన బాధను చెప్పుకోలేని పసివాని దేహానికి ఎంత హక్కు ఉండాలి?

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లోని మన కుటుంబాలను చూసినప్పుడు ఒక విషయం మా మనసును కలచివేస్తోంది. ఎన్నో ఇళ్ళల్లో పిల్లలు పాలిపోయి ఉంటారు. అన్నం పెడితే రెండు ముద్దలకే లేచిపోతారు. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం చాటుగా తింటారు. నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసపడతారు. నాజిరా పాఠంలో పది నిమిషాలు కూర్చోగానే వారి చూపు ఎక్కడికో పోతుంది. నిన్న అప్పజెప్పిన సబఖ్ నేడు గుర్తుండదు. ఇంట్లో "నజర్ తగిలింది" అంటారు. మక్తబ్‌లో "సోమరి" అంటారు. వీధి చివరి దుకాణంలో ఒక బలం టానిక్కు కొని పోస్తారు. నెలలు గడుస్తాయి, బిడ్డ ముఖంలో మాత్రం రంగు రాదు.

నజర్ సత్యమేనని హదీసు మనకు చెబుతోంది. దానికి దుఆ ఉంది, రుఖ్యా ఉంది. కానీ దుఆ చేసిన చేతులతోనే బిడ్డను వైద్యుని వద్దకు తీసుకువెళ్ళమని కూడా ఇస్లాం చెబుతోంది. అల్లాహ్ ఏ వ్యాధినీ మందు లేకుండా దింపలేదన్న ప్రవక్త (స) బోధనలో రెండు విషయాలున్నాయి: నిరాశ చెందరాదన్నది ఒకటి, మందును వెతకవలసిన బాధ్యత మనదే అన్నది రెండవది.

మన రాష్ట్రం పరిస్థితి

రక్తలేమి ఏ ఒక్క వర్గానికో, ఏ ఒక్క పేటకో పరిమితమైనది కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తలేమి ఉంది. అంతకు ముందు 2015–16 విడతలో ఇది 58.6 శాతం. అంటే తగ్గవలసినది పెరిగింది. దేశం మొత్తం మీద ఈ సంఖ్య 67.1 శాతం. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో మన రాష్ట్రంలో 58.8 శాతం మంది ఈ స్థితిలోనే ఉన్నారు. తల్లి రక్తంలో ఇనుము లేకపోతే గర్భంలోని శిశువు తన వంతు నిల్వను తెచ్చుకోలేడు. బిడ్డ పుట్టకముందే లోటు మొదలవుతుంది.

ఇనుము గురించి ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది – సూరతుల్ హదీద్. ఇనుములో గొప్ప శక్తి ఉందనీ, ప్రజలకు అనేక ప్రయోజనాలున్నాయనీ ఆ సూరా 25వ ఆయతు తెలుపుతోంది. ఆ ప్రయోజనాలలో మన నరాలలో ప్రవహించే మేలు కూడా ఒకటి. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును మోసుకుపోయే హిమోగ్లోబిన్ నిర్మాణానికి ఇనుమే ఆధారం. పెరుగుతున్న మెదడుకు కూడా అది అవసరం. తొలి రెండు మూడేళ్ళలో కలిగే లోటు బిడ్డ నేర్చుకునే శక్తిపై, ఏకాగ్రతపై దీర్ఘకాలం ప్రభావం చూపవచ్చు. కాబట్టి ఇది కేవలం ముఖవర్ఛస్సుకు సంబంధించిన మాట కాదు.

ఇనుము ఎందుకు నిలవదు?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన సిఫారసుల ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ళ బిడ్డకు రోజుకు 8 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరేళ్ళ వారికి 11, ఏడు నుంచి తొమ్మిదేళ్ళ వారికి 15 మిల్లీగ్రాముల ఇనుము ఆహారం ద్వారా అందాలి. అయితే తిన్నదంతా ఒంటికి పట్టదు. ఆకుకూరలు, పప్పులు, ధాన్యాల నుంచి లభించే ఇనుములో సాధారణంగా పదో వంతు కూడా రక్తంలో కలవదు. మాంసం, కాలేయం, చేపల నుంచి లభించే ఇనుము అంతకంటే సులభంగా కలుస్తుంది.

మొక్కల నుంచి వచ్చే ఇనుము కరిగి, పేగు పీల్చుకునే రూపంలోకి మారడానికి కడుపులోని ఆమ్లం కావాలి, విటమిన్ సి కావాలి. ఇక్కడే మన వ్యాసంలోని సూక్ష్మక్రిమి ప్రవేశిస్తుంది. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. మెలి తిరిగిన ఆకారం గల ఈ బాక్టీరియా జీర్ణాశయపు లోపొరను కప్పి ఉంచే జిగురులో నివాసం ఏర్పరచుకుంటుంది. యూరియేజ్ అనే ఎంజైము ద్వారా తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని తటస్థం చేసుకుని, మరే క్రిమీ బతకలేని చోట ఏళ్ళ తరబడి బతుకుతుంది.

ఇది ఇనుమును నాలుగు మార్గాల్లో దెబ్బతీయగలదని శాస్త్రజ్ఞులు వివరిస్తున్నారు. మొదటిది, కడుపు లోపొర దీర్ఘకాలం వాచి ఉన్నప్పుడు ఆమ్లం తగ్గిపోవడం. రెండవది, జఠరరసంలోని విటమిన్ సి తగ్గిపోవడం. ఈ రెండూ జరిగితే గోంగూర తిన్నా, తోటకూర తిన్నా అందులోని ఇనుము కరగకుండానే బయటకు పోతుంది. మూడవది, వాపు వల్ల శరీరం హెప్సిడిన్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేసి, పేగు నుంచి రక్తంలోకి ఇనుము వెళ్ళే తలుపును మూసివేయడం. నాలుగవది, పుండ్లు పడినప్పుడు కంటికి కనబడని రీతిలో రక్తం కారిపోవడం. పైగా ఆ క్రిమి తన పెరుగుదలకు కూడా ఇనుమునే వాడుకుంటుంది.

క్రిమిని కనుగొన్న కథ

ఒకప్పుడు కడుపులో ఆమ్లం ఉంటుంది కనుక అక్కడ ఏ క్రిమీ బతకదని వైద్యలోకం గట్టిగా నమ్మింది. కడుపు పుండ్లకు కారణం మనోవ్యథ, కారం, మసాలా అని చెప్పేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే రోగనిర్ధారణ నిపుణుడు 1979లో జీర్ణాశయపు ముక్కలను సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తూ ఈ మెలి తిరిగిన క్రిములను గమనించాడు. యువ వైద్యుడు బ్యారీ మార్షల్ ఆయనతో చేయి కలిపాడు. క్రిమిని పాత్రలో పెంచాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితం రాలేదు. పాత్రలను రెండు రోజులకే పారవేసే అలవాటు అందుకు కారణం. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల పాత్రలు ఐదు రోజులు అలాగే ఉండిపోయాయి. సెలవుల అనంతరం తెరిచి చూస్తే క్రిములు పెరిగి ఉన్నాయి.

అయినా లోకం నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రావణాన్ని స్వయంగా త్రాగాడు. కొద్ది రోజుల్లోనే వాంతులు, కడుపు వాపు కలిగాయి. పరీక్షలో క్రిమి బయటపడింది. 2005లో వారెన్, మార్షల్‌లకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఈ క్రిమిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించగల వాటి జాబితాలో చేర్చింది. అయితే ఇది సోకిన వారిలో అత్యధికులకు ఏ బాధా ఉండదని, పుండ్లూ క్యాన్సరూ కొద్దిమందికే వస్తాయని కూడా పాఠకులు గుర్తుంచుకోవాలి. భయపెట్టడం మా ఉద్దేశం కాదు.

ఎప్పుడు సోకుతుంది? ఎలా సోకుతుంది?

ఇది ప్రధానంగా బాల్యంలోనే, ఇంటి లోపలే సోకుతుంది. నోటి ద్వారా, వాంతి ద్వారా, మలంతో కలుషితమైన చేతుల ద్వారా పెద్దల నుంచి పిల్లలకు, అన్నదమ్ముల నుంచి చిన్నవారికి చేరుతుంది. ఇరుకు గదుల్లో ఎక్కువమంది కలిసి పడుకునే ఇళ్ళల్లో, మరుగుదొడ్డి, మంచినీటి సదుపాయం సరిగా లేని చోట దీని వ్యాప్తి అధికం. నీటి పాత్ర గురించి మన రాష్ట్రాలకు దగ్గరి ఉదాహరణ ఉంది. హైదరాబాదులోని దక్కన్ వైద్య కళాశాలకు చెందిన పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, కుళాయి నీరు త్రాగేవారి కంటే బావి నీరు త్రాగేవారిలో ఈ క్రిమి ఎక్కువగా కనిపించింది. ఇంటి పరిశుభ్రత తక్కువైన కొద్దీ సోకడం ఎక్కువైంది.

ఇప్పుడు మన కృష్ణా డెల్టా దిగువ ప్రాంతాన్ని చూడండి. సముద్రం దగ్గర కావడం వల్ల అనేక గ్రామాల్లో భూగర్భజలం ఉప్పు. బోరు వేస్తే నోట పెట్టలేని నీరు పడుతుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువల ద్వారా వచ్చే కృష్ణ నీటిని మంచినీటి చెరువుల్లో నింపుకుని సంవత్సరమంతా త్రాగవలసిన పరిస్థితి. బందరు పట్టణానికి తరకటూరు చెరువే ఆధారం. నాగాయలంక, కోడూరు వంటి కాలువ చివరి ఊళ్ళకు నీరు చేరేసరికి పైనున్న ఊళ్ళన్నిటి వాడకాన్నీ, మురుగునూ దాటుకుని వస్తుంది. గుడివాడ వైపు చేపల చెరువుల నీరు కూడా కాలువల్లో కలుస్తుంది. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు చెరువు అడుగంటి, నీరు పచ్చబడుతుంది. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనలో ప్రాణాలతో పాటు మంచినీటి చెరువులు కూడా ఉప్పు పాలయిన సంగతి పెద్దలకు నేటికీ జ్ఞాపకం. ఈ సీమలో మంచినీరు ఎన్నడూ తేలికగా దొరికిన వస్తువు కాదు.

నేడు చాలా ఇళ్ళకు ఇరవై లీటర్ల డబ్బాల్లో నీరు వస్తోంది. అది మంచిదే. కాని శుద్ధి చేసిన నీరైనా, కడగని డబ్బాలోకి, మూత లేని కుండలోకి, పిల్లవాడు చేయి ముంచే బిందెలోకి చేరిన తరువాత శుద్ధమైనదిగా మిగలదు. చెరువు నీరు వాడేవారు తెర్లకాచి, మూతపెట్టి, కుళాయి ఉన్న పాత్రలో లేదా పొడవాటి కాడ గల గరిటెతో వాడుకోవడం మేలు. సరిగా క్లోరిన్ కలిపిన నీటిలోనూ, మరిగిన నీటిలోనూ ఈ క్రిమి బతకదు.

మన సున్నత్‌లో ఉన్న రక్షణ

ఈ విషయాలు చదువుతున్నప్పుడు ఒక విశ్వాసికి ఎంతో ఆశ్చర్యం, అంతకు మించిన కృతజ్ఞత కలుగుతాయి. నిద్ర లేచిన వెంటనే చేతులు కడగకుండా నీటి పాత్రలో ముంచవద్దని, త్రాగే పాత్రలో ఊపిరి వదలవద్దని, తోలుసంచి మూతికి నోరు పెట్టి త్రాగవద్దని, రాత్రివేళ పాత్రలపై మూతలు పెట్టమని, నిలువ నీటిలో మూత్ర విసర్జన చేయవద్దని ప్రవక్త (స) మనకు నేర్పారు. పరిశుభ్రత విశ్వాసంలో భాగమని తెలియని ముస్లిం లేడు. కాని ఈ ఆదేశాలు మన ఇళ్ళలో ఎంతవరకు అమలవుతున్నాయి? ఇస్తింజా తరువాత సబ్బుతో చేయి కడగడం ఎన్ని ఇళ్ళలో పిల్లలకు అలవాటు చేశారు? మక్తబ్ వరండాలో ఒకే గొలుసుకు కట్టిన ఒకే గ్లాసుతో ముప్పై మంది పిల్లలు నోరు పెట్టి త్రాగడం ఏ సున్నత్?

ఒకే పళ్ళెంలో కలిసి భుజించడం మన సంప్రదాయంలో బరకత్ ఉన్న విషయం. దానిని మానమని మేము అనడం లేదు. కడిగిన చేతులతో, తన ముందున్న దానినే తినడమన్న ఆ అదబ్‌ను పూర్తిగా పాటిస్తే చాలు. ఎంగిలి చెంచా పాపాయి నోట్లో పెట్టడం, పాలపీక కింద పడితే తన నోట్లో పెట్టుకుని తుడిచి బిడ్డకు ఇవ్వడం మానాలి.

ఇక్కడ సున్నితమైన ఒక విషయాన్ని ప్రస్తావించక తప్పదు. కొన్ని ఇళ్ళలో నానీ, దాదీలు ప్రేమతో అన్నాన్నో, మాంసాన్నో నమిలి మెత్తగా చేసి బిడ్డకు పెడతారు. ఈ అలవాటు క్రిమి సోకడానికి ఒక మార్గమని పశ్చిమ ఆఫ్రికాలో జరిగిన అధ్యయనాలు సూచించాయి. ఆ వెంటనే "మరి తహ్నీక్ సంగతేమిటి?" అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. మదీనాలో ముహాజిర్లకు పుట్టిన తొలి బిడ్డ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి)కి ప్రవక్త (స) ఖర్జూరం నమిలి తహ్నీక్ చేశారని హదీసు గ్రంథాల్లో ఉంది. ఆయన లాలాజలంలోని శుభం ఆయనకే ప్రత్యేకమైనదని అనేకమంది ఉలమా వివరించారు. తహ్నీక్ ముస్తహబ్, ఫర్జ్ కాదు. ఖర్జూరాన్ని బిడ్డ అంగిలికి తగిలేంత మెత్తగా చేయడానికే నమలడం జరిగింది. శుభ్రంగా కడిగిన చేతులతో, కాచి చల్లార్చిన నీటితో ఖర్జూరాన్ని మెదిపి, వేలి కొసకు అంటినంత మాత్రమే అంగిలికి రాస్తే తహ్నీక్ నెరవేరుతుందని మా అవగాహన. తనకు గాని, ఇతరులకు గాని హాని కలిగించరాదన్నది షరీఅత్ మూలసూత్రాల్లో ఒకటి. ఆ పని చేసే పెద్దలు తమ ఆరోగ్యం బాగుందో లేదో ముందుగా ఆలోచించుకోవాలి. ఇక కొందరు ఖర్జూరానికి బదులు తేనె నాకిస్తారు. ఏడాది నిండని బిడ్డకు తేనె ఇవ్వరాదన్న వైద్యుల హెచ్చరికను తప్పక పాటించాలి.

పరీక్షలకు పరుగెత్తవద్దు

ఇంతవరకు చదివిన తల్లి "అయితే రేపే మా బిడ్డకు ఆ క్రిమి పరీక్ష చేయించాలి" అనుకోవచ్చు. ఆగండి. ఈ వ్యాసంలో అత్యంత ముఖ్యమైన మాట ఇదే.

ఎంతకీ తగ్గని రక్తలేమి గల కొందరు పిల్లల్లో ఈ క్రిమిని తొలగించిన తరువాత రక్తం పెరిగినట్టు 1990ల తొలినాళ్ళ నుంచి వైద్యులు రాస్తూ వచ్చారు. 1999లో దక్షిణ కొరియాలో యుక్తవయసుకు చేరువైన పిల్లలపై జరిగిన పరీక్షలోనూ అటువంటి ఫలితమే కనిపించింది. కాని మన జీవన పరిస్థితులకు దగ్గరగా ఉన్న బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో, రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలపై జరిగి 2008లో వెలువడిన అధ్యయనం వేరే సంగతి చెప్పింది. క్రిమి ఉన్న పిల్లలకు ఇనుము మందు ఇస్తే, క్రిమి లేని పిల్లల్లాగే వారూ కోలుకున్నారు. క్రిమికి మాత్రమే మందు ఇచ్చి ఇనుము ఇవ్వని పిల్లలకు ఆ మేలు కలుగలేదు. అంటే అత్యధిక పిల్లల విషయంలో ముందు ఇవ్వవలసింది ఇనుము.

అందుకే ఐరోపా, ఉత్తర అమెరికా బాలల జీర్ణకోశ వైద్య సంఘాలు కలిసి 2017లో ప్రచురించిన మార్గదర్శకాల్లో, రక్తలేమి కనబడగానే తొలి పరీక్షగా ఈ క్రిమిని వెతకవద్దని చెప్పాయి. ఇనుము మందు సక్రమంగా వాడినా తగ్గక, మిగిలిన కారణాలేవీ లేవని తేలిన తరువాత మాత్రమే దాని గురించి ఆలోచించమన్నాయి. రక్తంలో యాంటీబాడీలను చూసే పరీక్ష పిల్లల్లో నమ్మదగినది కాదు. శ్వాస పరీక్ష, మలంలో యాంటిజెన్ పరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ – వీటిలో ఏది కావాలో పిల్లల వైద్యుడే నిర్ణయించాలి. చికిత్స అంటే ఆమ్లాన్ని తగ్గించే మందుతో పాటు రెండు యాంటీబయాటిక్‌లను సాధారణంగా 14 రోజులు క్రమం తప్పకుండా వాడాలి. మధ్యలో మానితే క్రిమి మొండిదవుతుంది. మన దేశంలో వాడే కొన్ని యాంటీబయాటిక్‌లకు ఇది ఇప్పటికే లొంగడం తగ్గింది. పైగా ఇల్లంతా క్రిమి ఉన్నచోట పసిబిడ్డకు తగ్గినా మళ్ళీ సోకే అవకాశం ఎక్కువ. కాబట్టి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే చికిత్స ఇది కాదు. నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగించడం మరింత తప్పు. కడుపులో ఆమ్లం తగ్గితే ఇనుము పట్టడం కూడా తగ్గుతుంది.

సరైన క్రమం ఏది?

మొదట హిమోగ్లోబిన్ పరీక్ష. రెండు నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డకు 11 గ్రాముల కంటే, ఐదు నుంచి పదకొండేళ్ళ వారికి 11.5 గ్రాముల కంటే తక్కువైతే రక్తలేమి ఉన్నట్టు. ఐదేళ్ళ లోపు వారిలో 7, ఆపై వయసు పిల్లల్లో 8 గ్రాములకు దిగితే అది తీవ్రమైనది, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. బందరులో జిల్లా ప్రభుత్వాసుపత్రి ఉంది, 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా నడుస్తోంది. గుడివాడ, అవనిగడ్డలలోనూ ప్రభుత్వాసుపత్రులున్నాయి. ఊరి ఏఎన్ఎమ్‌ను, ఆశా కార్యకర్తను అడిగితే దారి చూపుతారు.

రెండవది ఇనుము మందు. 2018లో ప్రారంభమైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు వారికి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు సిరప్, ఐదు నుంచి తొమ్మిదేళ్ళ వారికి వారానికొక గులాబీ రంగు మాత్ర, పది నుంచి పంతొమ్మిదేళ్ళ వారికి వారానికొక నీలం మాత్ర ఉచితంగా అందుతాయి. ఇవి రాకుండా కాపాడేవి. రక్తలేమి ఉన్న బిడ్డకు మోతాదు వేరు, అది బరువును బట్టి వైద్యుడు నిర్ణయిస్తాడు. మందు వాడేటప్పుడు మలం నల్లగా వస్తే భయపడి మానవద్దు, అది సహజమే. సిరప్ సీసా మాత్రం పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచాలి. తియ్యగా ఉందని ఎక్కువ త్రాగితే ప్రాణాపాయం.

మూడవది నులిపురుగుల మందు. ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో జాతీయ నులిపురుగుల నివారణ దినాల్లో ఆల్బెండజోల్ ఇస్తారు. పొలాల్లో, చెరువు గట్లపై చెప్పులు లేకుండా తిరిగే పిల్లలకు కొంకిపురుగు పాదం చర్మం గుండా లోపలికి పోయి, పేగులో రక్తం పీలుస్తుంది.

నెల రోజులు మందు సక్రమంగా వాడి మళ్ళీ పరీక్ష చేయించాలి. ఒక గ్రామైనా పెరగకపోతే అప్పుడు లోతుగా వెతకాలి. ఆ వెతుకులాటలో మన సమాజం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన కారణం ఒకటి ఉంది – తలసీమియా. దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు తరతరాలుగా జరిగిన కుటుంబాల్లో ఇటువంటి వారసత్వ లోపాలు బిడ్డలో బయటపడే అవకాశం పెరుగుతుంది. దానికి ఇనుము పరిష్కారం కాదు, కొన్నిసార్లు హాని కూడా. అందుచేత గుడ్డిగా సంవత్సరాల పాటు ఇనుము పోస్తూ పోరాదు. వీటన్నిటి తరువాతే, వైద్యుని సలహాపై, కడుపులోని క్రిమి వంతు వస్తుంది.

దస్తర్‌ఖాన్‌పై ఏముండాలి?

హలాల్ మాంసం తినే మన ఇళ్ళలో ఇనుముకు కొదవ ఉండకూడదనిపిస్తుంది. కాని పేద ఇళ్ళలో మాంసం వారానికొకసారే, అందులోనూ బొటీలు పెద్దలకు, షేర్వా పిల్లలకు. షేర్వాలో రుచి ఉంటుంది గాని ఇనుము అంతగా ఉండదు. ఇనుము ముక్కలో ఉంటుంది. బిడ్డ పళ్ళెంలో ముందుగా ముక్క పడాలి, ఆడపిల్ల పళ్ళెంలో కూడా. మనకు హలాల్ చేయబడిన రెండు రక్తాలలో కాలేయం ఒకటని హదీసు తెలుపుతోంది. కొద్దిపాటి కలేజా మెత్తగా ఉడికించి నెలకు రెండు మూడు సార్లు పెట్టినా మేలే. బఖ్రీద్‌లో పేదలకు పంచేటప్పుడు కలేజాలో కొంత, మెత్తని మాంసంలో కొంత పిల్లలున్న ఇళ్ళకు చేరేట్టు చూడటం ఖుర్బానీ స్ఫూర్తికి తగిన పని. దివి తీరంలో దొరికే చిన్న చేపలు కూడా మంచి ఆహారం.

శాకాహారంలో తోటకూర, మునగాకు, రాగులు, నువ్వులు, శనగలు మేలైనవి. వీటితో పాటు నిమ్మరసం, జామపండు, ఉసిరి ఉంటే ఇనుము ఎక్కువగా పడుతుంది. ఖర్జూరం, బెల్లం మంచివే గాని, వాటితోనే రక్తం పడుతుందనుకోవడం పొరపాటు, వాటిలోని ఇనుము కొద్ది మాత్రమే.

చాయ్ గురించి చెప్పకపోతే ఈ మాట పూర్తికాదు. అన్నంతో పాటు లేదా తిన్న వెంటనే త్రాగిన చాయ్ ఇనుమును పట్టి ఉంచి పేగుకు అందనివ్వదు. ఉదయం చాయ్‌లో ముంచిన బిస్కత్తుతో బిడ్డ కడుపు నింపడం అతని రక్తాన్ని మనమే తగ్గించడం. పిల్లలకు చాయ్ వద్దు. గేదె పాల విషయమూ అంతే. పాడి ఉన్న ఇళ్ళలో రెండేళ్ళ బిడ్డకు రోజుకు లీటరు పాలు పట్టి, అన్నం తినడం లేదని బాధపడతారు. పాలలో ఇనుము దాదాపు లేదు. అర లీటరు మించనీయక, ఆకలితో భోజనానికి కూర్చోనివ్వండి. తల్లిపాలు రెండేళ్ళు ఇవ్వడమన్న ఖుర్ఆన్ మార్గదర్శకత్వాన్ని పాటిస్తూ, ఆరు నెలలు నిండగానే మెత్తని ఆహారం తప్పక మొదలుపెట్టాలి.

మస్జిదులు, మక్తబ్‌లు చేయవలసింది

ఉచిత ఇనుము మాత్రలు ప్రధానంగా అంగన్‌వాడీలు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల ద్వారా అందుతాయి. ఏ బడి రిజిస్టరులోనూ పేరు లేక మద్రసాలోనే ఉండి చదివే బిడ్డకు అవి చేరాలంటే నిర్వాహకులే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి అడగాలి. ఏటా రెండుసార్లు పిల్లలందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష, నులిపురుగుల మందు ఏర్పాటు చేయించాలి. ప్రతి బిడ్డకు సొంత గ్లాసు, మరుగుదొడ్డి పక్కన ఎప్పుడూ సబ్బు, మూత ఉన్న నీటి తొట్టె – వీటికి పెద్ద చందాలు అవసరం లేదు. సదఖా జారియా అంటే బోరు వేయించడం మాత్రమే కాదు, వేసిన తొట్టెను నెలనెలా కడిగించడం కూడా.

ఖతీబులు జుమా ప్రసంగాల్లో ఏడాదికి ఒక్కసారైనా ఈ విషయం చెప్పాలి. హిఫ్జ్ బోధించే ఉస్తాదులకు మా మనవి ఒక్కటే: పాఠం నిలవని బిడ్డపై బెత్తం ఎత్తే ముందు అతని కింది కనురెప్పను దించి చూడండి. ఎర్రగా ఉండవలసిన చోట తెల్లగా ఉంటే అతనికి కావలసింది దండన కాదు, వైద్యం. పిల్లలపై రమజాన్ ఉపవాసాలు యుక్తవయసు వచ్చేవరకు విధి కావు. అలవాటు కోసం ఉంచే రోజాలైనా రక్తలేమితో ఉన్న బిడ్డ చేత పట్టుబట్టి చేయించవద్దు.

తల్లులారా, తండ్రులారా! ఒక పూట పని మానుకుని బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్ళడం, ఒక బిందె నీరు కాచి మూత పెట్టడం, తన పళ్ళెంలోని ఒక ముక్కను బిడ్డ పళ్ళెంలో వేయడం – ఇవి చిన్న పనులుగా తోచవచ్చు. అమానత్ గురించి ప్రశ్నించబడే రోజున ఇవే పెద్దవిగా నిలుస్తాయి. మన సంతానానికి అల్లాహ్ ఆరోగ్యాన్ని, ప్రయోజనకరమైన విద్యను, బలమైన ఈమాన్‌ను ప్రసాదించుగాక! వారి బాధ్యతను సక్రమంగా నెరవేర్చే భాగ్యాన్ని మనకు కలుగజేయుగాక! ఆమీన్.